క్యారెట్ విత్తన పట్టీలు సరిగా మొలవకపోతే

వార్తాపత్రిక ముక్కలపై మైదా జిగురుతో క్యారెట్ విత్తనాలు అంటించి, మిద్దె తోట మడిలో అంగుళం లోతున పాతితే, 20 రోజులైనా నాలుగైదు మొక్కలే వచ్చాయని మీరు రాశారు. నా ఉద్దేశంలో ప్రధాన లోపం లోతే. అంత చిన్న విత్తనానికి సెంటీమీటరు లోపు మట్టి చాలు. వార్తాపత్రికకు బదులు ఒకే పొర ఉన్న టిష్యూ కాగితం వాడితే అది త్వరగా నాని, మొలకకు అడ్డుపడదు.

జిగురును దోసెల పిండికన్నా కాస్త చిక్కగా, ఉప్పు వేయకుండా కలపండి. ఉడికించినట్లయితే పూర్తిగా చల్లారనివ్వండి. అగ్గిపుల్ల కొనతో 5 సెంటీమీటర్లకొక చుక్క పెట్టి, ఒక్కో చుక్కపై రెండేసి విత్తనాలు ఉంచి, పట్టీని నీడలో అదే రోజు ఆరిపోయేలా చూడండి. తడి జిగురులో ఎక్కువసేపు ఉన్న విత్తనం ఉబ్బి మొలకెత్తడం మొదలుపెడుతుంది, ఆ తరువాత ఆరితే చనిపోతుంది.

పాతేటప్పుడు కాగితపు అంచు ఎక్కడా పైకి తేలకూడదు, ఎందుకంటే అది దీపపు వత్తిలా తేమను పైకి లాగేస్తుంది. మొలకలు కనిపించేవరకు, అంటే దాదాపు 10 నుంచి 20 రోజులు, పైమట్టి ఒక్కపూట కూడా ఎండకుండా పలుచని గోనెపట్టా కప్పి, రోజూ ఎత్తి చూస్తూ, తొలి మొలక రాగానే తీసేయండి.

తోటకూరకు మాత్రం ఈ శ్రమ అనవసరం. పొడి ఇసుకలో కలిపి చల్లితే సరిపోతుంది.

మళ్లీ పట్టీలు చేసేముందు, మిగిలిన విత్తనాల్లో పదింటిని తడిగుడ్డలో చుట్టి మొలక పరీక్ష చేయండి.