గుమ్మడి పిందె రాలుతోందా? ముందు కోసి చూడండి

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హోసకోట తాలూకా. ముప్పావు ఎకరంలో మల్చింగ్ షీటు పరిచి, డ్రిప్పు పెట్టి గుమ్మడి వేశాను. తీగ బాగుంది, పూత విపరీతంగా వచ్చింది. కానీ పిందె నిమ్మకాయంత కాగానే పసుపెక్కి రాలిపోతోంది. మందుల షాపులో బోరాన్ ఇస్తే రెండుసార్లు కొట్టాను. తెల్లదోమకు వారానికోసారి ఇమిడాక్లోప్రిడ్ కొడుతున్నాం. కూలీలు వచ్చేది ఎనిమిదింటికి కాబట్టి అప్పుడే కొడతాం. తేనెటీగలు కూడా ఈమధ్య కనిపించడం లేదు. సెల్‌ఫోన్ టవర్ వల్లేనంటున్నారు, నిజమేనా సార్?

జవాబు: బోరాన్ డబ్బా పక్కన పెట్టండి. రాలిన పిందెలు ఓ పది ఏరి, కత్తితో నిలువునా కోయండి. లోపల తెల్లటి పురుగులు మెదులుతుంటే అది పండు ఈగ పని. అప్పుడు మగ ఈగలను వాసనతో లాగే క్యూ లూర్ ఎరలు కట్టాలి, రాలినవాటిని లోతుగా పాతిపెట్టాలి. పురుగు లేకుండా, గింజ కూడా కట్టకుండా ఉంటే పుప్పొడి అందలేదన్నమాట. మీరు రాసినదాన్ని బట్టి నా అనుమానం రెండోదాని మీదే.

గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. కింద బుల్లి కాయ ఉన్నది ఆడపువ్వు. పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు, తేనెటీగ మోయాల్సిందే. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. మళ్లీ విచ్చుకోదు. ఉన్నవే ఆ నాలుగైదు గంటలు. మీ మనిషి సరిగ్గా ఆ వేళకే పంపు భుజాన వేసుకుని దిగుతున్నాడు.

నా మాట నమ్మకపోతే రేపే పరీక్ష చేయండి. ఆరున్నరకు తోటలోకి వెళ్లి, అప్పుడే విచ్చిన మగపువ్వు తుంచి రేకులు ఒలిచేయండి. మధ్యలో పుల్లలాంటిది పసుపు పొడి అంటుకుని ఉంటుంది. దాన్ని ఆడపువ్వు నడుమ ఉన్న బుడిపెల మీద నాలుగువైపులా మెల్లగా రాయండి. ఇలా పది ఆడపూలకు చేసి కాడకు ఎర్రదారం కట్టండి. మరో పదింటిని ముట్టుకోకుండా తెల్లదారం కట్టండి. వారంలో ఎర్రదారం పిందెలు నిలబడి తెల్లదారంవి రాలాయంటే ఇక ఏ టానిక్కూ కొనకండి. ముప్పావు ఎకరమే కాబట్టి ఈ పంట వరకు ఇద్దరు మనుషులను పెట్టి ఇలాగే లాక్కురావచ్చు.

ఇక టవర్. ప్రతి రైతు సమావేశంలోనూ ఎవరో ఒకరు ఇది అడుగుతారు. ఈగలు తగ్గడానికి టవరే కారణమని చెప్పే గట్టి రుజువు లేదు. ఇమిడాక్లోప్రిడ్ మీద మాత్రం రుజువులు బోలెడు. అది ఆకు మీదే ఆగిపోయే మందు కాదు, మొక్క ఒంట్లోకి ఇంకి మకరందంలోకీ పుప్పొడిలోకీ చేరుతుంది. ఈగ అక్కడికక్కడే చావకపోయినా గూటి దారి మరిచిపోతుంది. యూరోపియన్ యూనియన్ 2018లో ఇమిడాక్లోప్రిడ్, దాని కోవకే చెందిన థయామిథాక్సామ్, క్లోథయానిడిన్‌లను ఆరుబయటి పంటల్లో వాడకూడదని నిషేధించింది ఇందుకే. అందువల్ల ‘సాయంత్రం కొడితే సరిపోతుందా?’ అంటే, ఈ మందుకు సరిపోదు. పూత మొదలయ్యాక వీటిని ముట్టుకోవద్దు. తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు కట్టండి, వేపనూనె సాయంత్రం పూట కొట్టండి.

తప్పంతా మీదే అనను. మీ చుట్టుపక్కల చెరువు గట్ల మీది కానుగ, నేరేడు చెట్లు పోయి లేఅవుట్లు లేచాయి. పెద్ద తేనెటీగలు బెంగళూరులో అపార్ట్‌మెంట్ల బాల్కనీల కింద పట్టు పెడితే, జనం టెన్షన్ పడి మందు కొట్టించి చంపిస్తున్నారు. పెట్టెల్లో పెంచే మన నాటు తేనెటీగలకు 1991-92 ప్రాంతంలో థాయ్ శాక్ బ్రూడ్ అనే వైరస్ సోకి, దక్షిణాదిలో పెట్టెలకు పెట్టెలే ఖాళీ అయ్యాయి. మల్చింగ్ సంగతి కూడా ఒకటుంది. నేలలో బొరియ చేసుకుని బతికే చిన్న ఈగలు చాలా ఉన్నాయి, షీటు కింద వాటికి చోటు లేదు. షీటు తీసేయమని చెప్పను, కలుపు కూలి ఎంతవుతుందో నాకూ తెలుసు. గట్టును మాత్రం దున్నకుండా, గడ్డిమందు కొట్టకుండా వదిలేయండి. కొత్తిమీర వేస్తారు కదా, ఒక మడి కోయకుండా పూతకు వదలండి. ఎండు వెదురు బొంగులు నాలుగు కంచెకు కట్టి ఉంచితే తుమ్మెదలు చేరతాయి. గుమ్మడి పువ్వులోకి అవీ వస్తాయి.

వచ్చే పంటకు ఎకరాకు రెండు చొప్పున నాటు తేనెటీగల పెట్టెలు పెట్టుకోవచ్చు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకే ప్రాంగణంలో తేనెటీగల పెంపకం నేర్పుతారు, వెళ్లి చూసి రండి. పెట్టెలు పూతకు ముందే తేవద్దు, ఈగలు వేరే తోటకు అలవాటు పడతాయి. పదింట ఒక తీగ పూయగానే తెండి. తెచ్చేముందు పక్క తోటలవాళ్లతో ఒక మాట అనుకోండి. వాళ్లు మందు కొట్టే సంగతి ముందురోజు చెబితే, చీకటి పడ్డాక పెట్టె వాకిలికి ఇనుప జాలీ బిగించి, నీడ చూసి ఉంచవచ్చు.

– కీటక శాస్త్రవేత్త, బెంగళూరు