కాయిల్‌కు ఏ మందం తీగ?

చిరంజీవికి ఆశీస్సులు.

రేడియో కిట్‌లోని కాయిళ్లకు 26 నంబరు ఎనామిల్ తీగ (పల్చటి పూత ఉన్న రాగి తీగ) వాడమన్నారనీ, నీ దగ్గర 28 నంబరుది మాత్రమే ఉందనీ, దానితో పని జరుగుతుందా అనీ అడిగావు. జరుగుతుందని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఏ కాయిల్‌కు జరుగుతుందో, దేనికి జరగదో తెలిస్తే రేపు ఇంకో కిట్ కొన్నప్పుడు నీ అంతట నీవే తేల్చుకోగలవు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ 26 ఏ పద్ధతిలోని నంబరో చూడు. బ్రిటిష్ పద్ధతి అయిన ఎస్‌డబ్ల్యుజిలో 26 నంబరు తీగ వ్యాసం 0.457 మిల్లీమీటర్లు, అమెరికా పద్ధతి అయిన ఎడబ్ల్యుజిలో అదే నంబరుకు 0.405 మాత్రమే. రెండింటిలోనూ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది గానీ కొలతలు కలవవు. నీ కిట్ అమెరికా లెక్కన రాసినదై, నీ దగ్గరున్న 28 బ్రిటిష్ లెక్కదైతే దాని వ్యాసం 0.376, అంటే తేడా 0.03 మిల్లీమీటర్లయినా లేదు. అందుకే నంబరును పక్కనపెట్టి మిల్లీమీటర్లలో ఆలోచించడం అలవాటు చేసుకో. స్క్రూగేజీ లేకపోయినా ఫరవాలేదు. పెన్సిల్ మీద 20 చుట్లు సందు లేకుండా చుట్టి, వాటి మొత్తం వెడల్పును స్కేలుతో కొలిచి 20తో భాగించు. ఎనామిల్ పూత కూడా కలిసి వస్తుంది కనుక రాగి వ్యాసం కంటే జవాబు కాస్త ఎక్కువే ఉంటుంది. కాయిల్‌లో చోటు పట్టేది పూతతో సహా ఉన్న తీగే కాబట్టి మనకు కావలసిన కొలత కూడా అదే.

కిట్లలో ఎక్కువగా కనిపించే టొరాయిడ్ కోర్ల (తీగ చుట్టే గాజులాంటి గుండ్రటి దిమ్మెల) విషయంలో ఇండక్టెన్స్‌ను, అంటే కరెంటు మార్పును కాయిల్ ఎంత అడ్డుకుంటుందో తెలిపే కొలతను, నిర్ణయించేవి కోర్ రకమూ చుట్ల సంఖ్యా మాత్రమే. తీగ మందం ప్రభావం నామమాత్రం. టి50-2 అనే ఎర్రరంగు కోర్ మీద 30 చుట్లు వేస్తే సన్న తీగతోనైనా లావు తీగతోనైనా సుమారు 4.4 మైక్రోహెన్రీలే వస్తాయి. అక్కడ చూడవలసింది చోటు. ఆ కోర్ లోపలి వ్యాసం 7.7 మిల్లీమీటర్లు. రాగి 0.4 మిల్లీమీటర్లున్న తీగ 40 చుట్ల దాకా ఒకే పొరలో హాయిగా పడుతుంది, 0.7 తీగతోనైతే పూత మందం కూడా కలిసి 30 చుట్లే పట్టవు. పట్టనప్పుడు చుట్టు మీద చుట్టు ఎక్కించవద్దు. అలా చేస్తే కాయిల్ సొంత కెపాసిటెన్స్ (చుట్ల మధ్య విద్యుదావేశం నిలిచే గుణం) పెరుగుతుంది. తీగను ఒకటి రెండు నంబర్లు సన్నం చేసుకో గానీ చుట్ల సంఖ్యను మాత్రం ఎన్నడూ మార్చవద్దు. కోర్ రంధ్రంలోంచి తీగ ఒక్కసారి దూరినా అది ఒక చుట్టేనని గుర్తుంచుకో.

గొట్టం మీద చుట్టే కాయిల్ సంగతి వేరు, నీవు అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. సందు లేకుండా చుట్టినప్పుడు కాయిల్ పొడవు తీగ మందాన్ని బట్టే ఉంటుంది, పొడవు తగ్గితే ఇండక్టెన్స్ పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల గొట్టం మీద బ్రిటిష్ 22 నంబరు తీగతో 20 చుట్లు వేస్తే దాదాపు 10 మైక్రోహెన్రీలు వస్తాయి; అదే గొట్టం మీద అవే 20 చుట్లు 28 నంబరుతో వేస్తే ఇంచుమించు 13 వస్తాయి. కాయిల్‌తో కలిసి స్టేషన్‌ను పట్టే కెపాసిటర్‌ను మార్చకపోతే 7 మెగాహెర్ట్జ్ దగ్గర పలకవలసిన రేడియో 6 దగ్గరకు జారుతుంది. సన్న తీగే గతి అయితే చుట్ల మధ్య సమంగా సందు వదిలి, కాయిల్ మొత్తం పొడవును కిట్‌లో చెప్పినంతకు తీసుకురా. పక్కపక్క తీగలు అంటుకోకపోవడం వల్ల నష్టం కూడా కొంత తగ్గుతుంది.

మందం పెరిగినకొద్దీ మేలేనా అంటే, ఒక హద్దు వరకే. 7 మెగాహెర్ట్జ్ వద్ద కరెంటు రాగి పైపొరలో సుమారు 0.025 మిల్లీమీటర్ల లోతుకే పరిమితమవుతుంది కనుక తీగ లోపలి రాగి చాలావరకు ఊరికే ఉంటుంది. రిసీవర్‌కు సన్న తీగ చాలు; ట్రాన్స్‌మిటర్ ఫిల్టర్‌కు మాత్రం చోటు పట్టినంత లావు తీగ వేయి. మీడియం వేవ్ రేడియోలో ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ రాడ్‌కు సన్నటి పూత తీగలు పేనిన లిట్జ్ తీగ దొరికితే అదే మేలు, అయితే చివర్లో ప్రతి పోగుకూ సాల్డర్ అంటాలి. షార్ట్ వేవ్‌లో ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గరకు వెళ్లాక దాని ప్రయోజనం మిగలదు.

తీగ కత్తిరించే ముందు లెక్క వేసుకో. టి50 మీద ఒక్కో చుట్టుకు ఒకటిన్నర సెంటీమీటర్లు పడుతుంది కాబట్టి 30 చుట్లకు 45 సెంటీమీటర్లు, కొసల కోసం మరో 10 వదులు. కొసల పూత కొన్ని తీగలకు సాల్డరింగ్ ఐరన్ వేడికే కరిగిపోతుంది. కరగనిదైతే గరుకు కాగితంతో చుట్టూ రుద్దు. బ్లేడుతో గీకితే సన్న తీగకు గాటు పడి, బోర్డుకు అతికించాక అక్కడే తెగుతుంది.

నీ పెదనాన్న