చూపు బాగానే ఉంది, అయినా షుగర్ కంటికి లేజర్ ఎందుకు?

మీ నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్. కళ్లజోడు పెట్టుకుంటే పేపరు చక్కగా చదువుతున్నారు. అయినా రెండు కళ్లకూ లేజర్ చేయాలని డాక్టరు అన్నారు. అది చేయిస్తే ఉన్న చూపు కూడా పోతుందని టెక్కలిలో మీ బంధువులు భయపెడుతున్నారు. ఇదే కదా మీ సందేహం? రెటీనా (కంటి వెనుక భాగంలో చూపును పట్టే పొర) డాక్టరు పరీక్ష చేసి చెప్పిన మాటైతే వాయిదా వేయకండి. నాకు రెండు కళ్లకూ అయింది కాబట్టి చెబుతున్నాను.

పలాసలో జీడిపప్పు రకాలు చూసి వేరు చేయించే పని నాది. పప్పు మీద ఆవగింజంత మచ్చ, అంచు విరిగిన బద్ద, కాస్త మాడి ఎర్రబడిన గింజ నా కంటికి ఆనకపోతే సరుకు వెనక్కి వస్తుంది. లేజర్ చేయాలన్న రోజున కూడా నేను బోర్డు మీద చివరి వరుస దాకా చదివాను. అందుకే మీలాగే అడిగాను, ఇంత బాగా కనిపిస్తుంటే ఎందుకని. డాక్టరు నా రెటీనా ఫొటో తెర మీద పెట్టి, సన్నటి దారప్పోగుల్లా అల్లుకున్న రక్తనాళాలను చూపించారు. అవి అక్కడ ఉండకూడనివట.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే రెటీనాలోని సన్న నాళాలు పూడుకుపోతాయి. ప్రాణవాయువు అందని రెటీనా కొత్త నాళాలు పుట్టించమని రసాయన సంకేతాలు పంపుతుంది. అలా పుట్టినవి మహా బలహీనం. ఎప్పుడు చిట్లుతాయో తెలియదు, చిట్లితే కన్నంతా రక్తం. అంతవరకూ నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, మసక కూడా ఉండకపోవచ్చు. ఈ జబ్బులో నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మనిషికి తెలిసేసరికే సగం పని చేసేసి ఉంటుంది.

లేజర్ కాల్చేది ఆ నాళాలను కాదు, రెటీనా అంచుల్ని. చూపుకు కీలకమైన నడిమి భాగాన్ని వదిలేసి, చుట్టూ వెయ్యికి పైగా చిన్న చిన్న చుక్కలు పెడతారు, సాధారణంగా కొన్ని విడతల్లో. ప్రాణవాయువు కోరే భాగం తగ్గితే సంకేతాలు తగ్గుతాయి, కొత్త నాళాలు ముడుచుకుపోతాయి. ఇది నిన్న మొన్నటి వైద్యం కాదు. తీవ్రంగా చూపు పోయే ముప్పు లేజర్‌తో సగానికి పైగా తగ్గుతుందని అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 1976లోనే తేల్చింది.

మరి మీ బంధువుల మాట? అందులో కొంత నిజం లేకపోలేదు. అంచులు కాలుస్తారు కాబట్టి పక్క చూపు, చీకట్లో చూపు కొంత తగ్గవచ్చు. నాకు తగ్గింది. రాత్రి కరెంటు పోతే మా సందులో గోడ పట్టుకుని నడుస్తాను. ఎదురు లారీ లైట్లు పడితే ఏమీ కనిపించదు కనుక చీకటి పడ్డాక స్కూటరు తీయడం మానేశాను. అయితే పప్పు మీది మచ్చ ఇప్పటికీ దొరుకుతుంది. ఇక ‘లేజర్ చేయిస్తే చూపు పోయింది’ అనేవారిలో చాలామంది కంట్లో రక్తం కారాక వెళ్లినవారే. పోయిన చూపును లేజర్ తిరిగి తేలేదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. శుక్లాల ఆపరేషన్ అయిన మర్నాడు లోకం తళతళలాడినట్టు ఇక్కడ ఏమీ జరగదు. ఆ ఆశతో వెళ్తే తిట్టుకుంటూ వస్తారు.

చేసే విధానం గురించి నాన్నగారికి ముందే చెప్పండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి కూర్చోబెడతారు, అసలు విసుగు ఆ ఎదురుచూపుదే. తర్వాత మొద్దుబారే చుక్కలు వేసి, జిగురు లాంటి మందు రాసిన అద్దాన్ని కంటికి ఆనిస్తారు. గడ్డం ఆనించి కదలకుండా ఉండాలి. టక్ టక్ మంటూ పచ్చటి మెరుపులు. నడిమి భాగానికి దగ్గరగా పెట్టేటప్పుడు అంతగా తెలియదు గానీ, అంచులకు వచ్చేసరికి కణత లోపల ఎవరో పొడిచినట్టు కలుక్కుమంటుంది. ఓర్చుకోలేకపోతే చెప్పమనండి, ఆపి మత్తు ఇస్తారు. లేవగానే గదంతా గులాబీ రంగులో కనిపిస్తే కంగారు పడవద్దు, కాసేపట్లో సర్దుకుంటుంది. ఆ రోజు ఆయనకు బండి ఇవ్వకండి. నల్ల కళ్లద్దాలు, తోడు ఒక మనిషి తప్పనిసరి. విశాఖ వెళ్తే రైలే సుఖం.

డాక్టరును ఒక్క మాట అడగండి: నడిమి భాగంలో నీరు చేరిందా అని. చేరితే కంట్లోకి ఇంజెక్షన్లు ముందు అవసరం కావచ్చు. దానికి స్కానింగ్ ఉంది, రంగు మందు ఎక్కించనక్కర్లేదు. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు కాబట్టి ఇంకో మాట. మూత్రపిండాల పరీక్ష కాగితాలు, బీపీ మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. షుగర్ కన్నునూ కిడ్నీనీ కలిపే దెబ్బ తీస్తుంది, బీపీ దానికి తోడైతే లేజర్ ఒక్కదానితోనే ఆగదు. ఖర్చు సంగతి ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం వివరాలు చెప్పే వైద్యమిత్రను ముందే అడగండి, ఆ పథకం కార్డు మీద అయ్యే అవకాశం ఉందేమో చెబుతారు.

లేజర్ అయ్యాక కూడా పిలిచిన తేదీకి వెళ్లాల్సిందే. మధ్యలో ఉన్నట్టుండి నల్లటి చుక్కలు గుంపుగా తేలినా, తెర దించినట్టు అనిపించినా తేదీ కోసం ఆగకుండా ఆ రోజే బయల్దేరండి.