కాంతికి వన్‌వే ఘాట్ రోడ్డు

ఫోటానిక్ టోపోలాజికల్ ఇన్సులేటర్ అంటే ఏంటి, అందులో సింథటిక్ డైమెన్షన్ ఎక్కడిది అని కదా ప్రశ్న.

మాది తిరుపతి కాబట్టి ఘాట్ రోడ్డుతో చెప్తాను. కొండెక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఎక్కే దారిలో బండరాయి పడితే బస్సు ఆగిపోతుంది. ఫోటానిక్ టోపోలాజికల్ ఇన్సులేటర్ అనే ఈ పదార్థం అంచున పోయే కాంతి మాత్రం అడ్డును చుట్టుకుని ముందుకే పోతుంది. వెనక్కి తిరగడానికి దారి లేదు, లోపల ఆ ఫ్రీక్వెన్సీకి చోటు లేదు. 2009లో ఎంఐటీలో ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న సిరామిక్) కడ్డీలు, అయస్కాంతంతో మైక్రోవేవ్‌ల మీద దీన్ని చూపించారు. మామూలు కాంతి మీద అయస్కాంతం ప్రభావం బాగా తక్కువ. అందుకే 2013లో అయస్కాంతం బదులు గాజులో స్క్రూలా మెలితిరిగిన వేవ్‌గైడ్లు (కాంతి నడిచే సన్నని దారులు) చెక్కారు.

నాకు ముచ్చటేసేది రెండోది, సింథటిక్ డైమెన్షన్, అంటే కృత్రిమంగా కల్పించిన దిశ. రింగు ఆకారపు వేవ్‌గైడ్‌లో తిరిగే కాంతికి ఫ్రీక్వెన్సీలు అలిపిరి మెట్లలా ఒకదానిపై ఒకటి ఉంటాయి. రెండు మెట్ల మధ్య తేడా ఎంతో, మాడ్యులేటర్‌ని (కాంతిని లయగా మార్చే పరికరాన్ని) సరిగ్గా అంత ఫ్రీక్వెన్సీతో నడిపితే కాంతి పక్క మెట్టుకి దూకుతుంది. ఆ మెట్ల వరసే కొత్త దిశ! ఒకే వరసలో పేర్చిన రింగులు రెండు దిశల పలకలా పనిచేస్తాయి. మాడ్యులేటర్ ఫేజ్‌ని (ఊపులో ముందువెనకల తేడాని) రింగు రింగుకీ కొంచెం మారిస్తే అయస్కాంతం లేకుండానే అయస్కాంతం చూపే ప్రభావం వస్తుంది.

అన్నట్టు, పదార్థమే కాంతిని పీల్చేసుకుంటే ఏ టోపాలజీ (చిన్న చిన్న లోపాలకు చెదరని ఈ అమరిక) కాపాడదు.