కుర్రకారు మాటలు ఇంగ్లీషును నిజంగా మారుస్తాయా?

యువత స్లాంగ్ ఇంగ్లీషును మారుస్తుందా, లేక అదంతా నాలుగు రోజుల ముచ్చటేనా అని అడిగారు. తూర్పు లండన్‌లోని ఒక బడి గ్రంథాలయంలో ఆరేళ్లు పనిచేశాను కనుక అక్కడ విన్నది చెబుతాను.

చాలా మాటలు నాలుగు రోజుల ముచ్చటే. నేను చేరిన ఏడాది పిల్లల నోట మారుమోగిన పొగడ్తలు, నేను మానేసే నాటికి వాళ్ల తమ్ముళ్లకే పాతబడ్డాయి. 2023లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వారు ఆ ఏటి మాటగా ఎంచిన 'రిజ్' (ఎదుటివాళ్లను ఆకట్టుకునే నేర్పు) కూడా అదే దారిన పోతే ఆశ్చర్యపోను.

నన్ను ఆలోచనలో పడేసిన మాట వేరు. పుస్తకం ఆలస్యంగా తెచ్చిన ఒక అబ్బాయి 'ఐ' అనవలసిన చోట 'మ్యాన్' అన్నాడు. మ్యాన్ మరిచిపోయాడట! ఎవరి గురించో అనుకున్నాను, తన గురించే. ఆ తరువాత చెవి పెట్టి వింటే మగపిల్లల మాటల్లో అది తరచుగా వినిపించింది. జమైకా, బంగ్లాదేశ్, నైజీరియా మూలాలున్న పిల్లలు, తరతరాల లండన్ కుటుంబాల పిల్లలు కలిసి పెరిగిన వీధుల్లో పుట్టిన మాటతీరు అది. భాషాశాస్త్రవేత్త జెన్నీ చెషైర్ 2013లో ఈ 'మ్యాన్'ను ఇంగ్లీషులో పుడుతున్న కొత్త సర్వనామంగా వివరించారు.

అందులోని కిటుకు తెలుగువాళ్లకు తేలికగా అందుతుంది. మనలో ఒక్కడే నిలబడి కూడా "మనకు అవన్నీ పట్టవు" అనేవాళ్లు లేరా? ఆ 'మన'లో వెనక ఒక జట్టు ఉన్నదన్న ధీమా ఉంటుంది. 'మ్యాన్'లో ఉన్నదీ అదే.

నామవాచకాలు ఎప్పుడూ వచ్చి పోతుంటాయి. సర్వనామాలు మారడం మాత్రం అరుదు. అయినా ఇంగ్లీషులో 'వాళ్లు' అనడానికి వాడే నేటి 'దే' ఒకప్పుడు ఉత్తర ఐరోపా సముద్రయోధులైన వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చి చేరినదే.

పెద్దల కోపమూ కొత్త కాదు. 1710లో రచయిత జొనాథన్ స్విఫ్ట్ 'మాబ్' (అల్లరి మూక), 'బాంటర్' (వేళాకోళం) వంటి మాటల మీద విరుచుకుపడ్డారు. విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన యువ ప్రబోధకులు చర్చిలో సైతం వాటిని వాడుతున్నారని ఆయన బాధ. లాటిన్ 'మొబిలె వల్గుస్'ను తుంచగా మిగిలిన ఆ 'మాబ్' ఈనాడు న్యాయస్థానాల తీర్పుల్లో కూడా కనిపిస్తుంది.

నేను ఆ పిల్లలను ఎన్నడూ సరిదిద్దలేదు. కళాశాల దరఖాస్తు కోసం రాసిన వ్యాసాన్ని అదే అబ్బాయి నాకు చూపించాడు. మొదటి నుంచి చివరి దాకా 'ఐ' అనే రాశాడు. దిద్దడానికి ఏమీ లేదన్నాను. బయటికి వెళ్లి, ఆ సంగతి స్నేహితుడికి చెబుతూ మళ్లీ 'మ్యాన్' అన్నాడు.