గ్యాస్ పన్ను పెరిగితే మునిగిపోతామా?

ప్రశ్న: అన్నా, మాది ఉరవకొండ. డాలస్ వచ్చి రెండు నెలలైంది. ఆఫీసు 30 మైళ్ళు. రోడ్ల కోసం గ్యాస్ (ఇక్కడ పెట్రోలును అట్లే అంటారు) మీద పన్ను పెంచాలని ఇక్కడ వాదులాడుకుంటున్నారు. గ్యాస్ కారు కొనాలా, ఎలక్ట్రిక్ కొనాలా?

జవాబు: చూడప్పా, మాది గుంతకల్లు. మా చిన్నాయన బళ్ళారిలో పెట్రోలు అగ్గువని స్కూటరేసుకుని అంతదూరం పోయేవాడు. పోను రాను కాలే పెట్రోలు ఆయన లెక్కలోకి ఏనాడూ రాలేదు. నాదీ ఆ రక్తమే.

2004లో నేను దిగినప్పుడు బంకులో పెట్రోలు రకాన్ని చెప్పే ఆక్టేన్ నంబర్లతో మూడు బటన్లు: 87, 89, 93. ఎమ్సెట్ రాసి వచ్చినోణ్ణి, 93 చూసి 87 నొక్కుతానా? పాత కామ్రీకి నాలుగేళ్ళు ఆ ఖరీదైనదే తాపించినా. పక్క పంపు దగ్గర ఒక మెక్సికో పెద్దాయన నన్ను పిలిచి, నా కారు ట్యాంకు మూత లోపల అంటించిన చీటీ మీద వేలు పెట్టి చూపించినాడు. 87 చాలని రాసుంది. గాలనుకు 20 సెంట్లు, ఏడాదికి 600 గాలన్లు, నాలుగేళ్ళు: 480 డాలర్లు. అప్పటి లెక్కన ఇరవై వేల రూపాయల పైనే. ఆ నాలుగేళ్ళూ టిఫినుకు డాలరు పెట్టాలంటే చెయ్యి వణికేది నాకు!

ఇప్పుడు నీ భయానికి వద్దాం. ఫెడరల్ (అంటే కేంద్రం) పన్ను గాలనుకు 18.4 సెంట్లు, 1993 నుంచి కదల్లేదు. టెక్సాస్‌ది 20 సెంట్లు, 1991 నుంచి అంతే. మన ఆంధ్రాలో మాదిరి 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయలు, మళ్ళీ రోడ్డు సెస్సు 1 రూపాయి అని కాదు. ఇక్కడ ధర ఎంతున్నా పన్ను అవే సెంట్లు. రోడ్ల ఖర్చు పెరిగింది, కార్లు తక్కువ తాగుతున్నాయి, రోడ్ల నిధి చాలక 2008 నుంచి కేంద్ర ఖజానా నుంచి తెచ్చి పోస్తున్నారు. పెంచమనేవాళ్ళ మాటలో న్యాయముంది. దూరం నుంచి వచ్చే కూలోడి మీద భారం పడుతుందనే మాటా అబద్ధం కాదు. నీకూ ఏడాదికి 600 గాలన్లే అనుకుంటే, 10 సెంట్లు పెరిగినా 60 డాలర్లు. దానికి ఇంత దిగులా?

ఎలక్ట్రిక్ కొంటే పన్ను తప్పుతుందనుకోకు. టెక్సాస్‌లో ఏడాదికి 200 డాలర్ల రుసుము, కొత్త బండికి మొదట 400. నీ 600 గాలన్లకు రాష్ట్రానికి కట్టేది 120 డాలర్లే. మిగతా రూల్సు ఆన్‌లైన్‌లో చూసుకో, మీ కాలం పిల్లలకు అది నేర్పాలా?

దిగులు పడాలంటే టోలు గురించి పడు. ట్యాగ్ అంటించకుండా ఎక్కితే బిల్లు ఇంటికొస్తుంది, రేటు ఎక్కువ. నేను మూడు నెలలు ఆ కవర్లు విప్పకుండా మైక్రోవేవ్ మీద పేర్చినా. జరిమానాతో ఎంతైందో మీ వదినకు ఇప్పటికీ చెప్పలేదు.

ఏ కారు కొన్నా సరే, గ్యాస్‌దైతే ట్యాంకు మూత తీసి ఏం రాసుందో చూసి నాకు ఫొటో పంపు.