పరంజా మీద తాత్కాలిక దీపాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము మూడంతస్తుల ఇల్లు కట్టిస్తున్నాము. పగటి ఎండకు తట్టుకోలేక బయటి గోడల ప్లాస్టరింగు సాయంత్రం మొదలుపెట్టి రాత్రి దాకా చేయిస్తున్నాము. ఇనుప గొట్టాల పరంజాకు వరుసగా ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు కట్టించాము. వాన పడిన ప్రతిసారీ బోర్డులోని ఆర్‌సీసీబీ (కరెంటు బయటికి కారితే లైను తెంచే స్విచ్చి) పడిపోతోంది. పని ఆగిపోతోందని ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి, ఎంసీబీ (లోడు మరీ ఎక్కువైతే లైను తెంచే స్విచ్చి) నుంచి నేరుగా కలిపేశాడు. పరంజాకు ఎర్త్ కడ్డీ కొట్టాము, ఎంసీబీ ఉంది, భయపడాల్సిన పని లేదంటున్నాడు. ఆయన మాట నమ్మవచ్చునా?
— ఒక గృహ యజమాని, పాలకొల్లు

సమాధానం: నమ్మవద్దు. ఈ సంచిక మీ చేతికి అందిన రోజే ఆ దీపాలు ఆర్పించండి. ఆర్‌సీసీబీ తిరిగి బిగించి, అది పడిపోకుండా నిలిచేదాకా పరంజా మీద రాత్రి పని పెట్టించకండి.

మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన రెండు మాటలూ మన ప్రాంతంలో చాలామంది నమ్మేవే కనుక వాటిని కొంచెం వివరంగా చూద్దాం. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. తడి చేతులతో, తడి కాళ్లతో ఉన్న మనిషి శరీరం సుమారు 1000 ఓముల నిరోధం ఇస్తుందనుకుంటే, 230 వోల్టుల దగ్గర అతనిలోంచి 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. పది మిల్లీ ఆంపియర్లు దాటేసరికే చాలామందికి పట్టుకున్న తీగను వదలడం చేతకాదు. యాభై, వంద మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు ప్రవహిస్తే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. మీ బోర్డులో ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ అయితే, అది కదలాలంటే ఆ మనిషిలోంచి పారే కరెంటుకు 70 రెట్లకు పైగా కావాలి. అతను ప్రాణాలు వదిలినా ఆ ఎంసీబీకి ఏమీ తెలియదు.

ఇక ఎర్త్ కడ్డీ సంగతి. మన గోదావరి డెల్టా నేల ఏడాదిలో ఎక్కువ కాలం తడిగా ఉంటుంది కనుక ఇక్కడ కొట్టిన కడ్డీకి మెట్ట ప్రాంతాల కంటే తక్కువ నిరోధం వస్తుంది, అది నిజమే. అయినా ఒక్క కడ్డీకి 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి న్యూట్రల్ ఎర్త్‌కు 5 ఓములు ఉన్నాయనుకోండి. ఫేజు వైరు తోలు ఊడి గొట్టానికి తగిలితే పారే కరెంటు 230ని 15తో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 15 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని మామూలు లోడు కిందే లెక్క కట్టి, దీపాలను వెలగనిస్తూనే ఉంటుంది. ఈలోగా పరంజా మొత్తం, ప్రతి గొట్టం, ప్రతి క్లాంపు, నేలతో పోలిస్తే 150 వోల్టుల మీద ఉంటుంది. కింద తడి మట్టిలో చెప్పులు లేకుండా నిలబడి ఇసుక తట్ట అందించే కూలీ గొట్టం మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. కడ్డీకి నిరోధం తగ్గించే ఆ తడి నేలే అతని కాళ్ల కింద కూడా కరెంటుకు దారి ఇస్తుంది.

ఆర్‌సీసీబీ పని వేరు. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని అది ఎప్పటికప్పుడు పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకంలో ఆ తేడా 15 నుంచి 30 మిల్లీ ఆంపియర్ల మధ్యకు రాగానే, సెకనులో మూడో వంతు కూడా గడవకముందే లైను తెగుతుంది; తేడా పెద్దదైతే ఇంకా త్వరగా తెగుతుంది. ఎర్త్ కడ్డీ అంత గొప్పగా లేకపోయినా దానికి ఇబ్బంది లేదు. అయితే దానికీ ఒక హద్దు ఉంది. ఒక చెయ్యి ఫేజు మీద, మరో చెయ్యి న్యూట్రల్ మీద పడితే, ఆ కరెంటు తిరిగి న్యూట్రల్‌లోకే చేరుతుంది కనుక ఆర్‌సీసీబీ దాన్ని గుర్తుపట్టలేదు. అందుకే ఎంసీబీ, ఎర్త్, ఆర్‌సీసీబీ మూడూ ఉండాలి, వైర్లు కూడా సరిగా ఉండాలి.

వాన పడినప్పుడల్లా అది పడిపోతున్నదంటే దాని లోపం కాదు. ఎక్కడో కరెంటు బయటికి కారుతున్నదని అర్థం. వెతకడానికి ఒక పద్ధతి ఉంది. దీపాలన్నీ విడదీసి ఆర్‌సీసీబీ ఎక్కించి, ఒక్కొక్క లైను కలుపుతూ రావాలి. ఏది కలపగానే పడిపోయిందో ఆ లైనులో జాయింట్లు చూడాలి. బట్ట టేపు చుట్టిన జాయింటును విప్పితే లోపల రాగి తీగ పచ్చగా చిలుము పట్టి, టేపు జిగురు నల్లగా మెత్తబడి, నొక్కితే నీటి చెమ్మ వేలికి తగులుతుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో ఈ చిలుము ఇంకా త్వరగా పడుతుంది. అలాంటి జాయింట్లను మళ్లీ టేపుతో చుట్టడం దండగ. వాటిని కోసేసి, నీరు చొరబడని జంక్షన్ బాక్సులోకి మార్చాలి. సాధ్యమైతే మధ్యలో జాయింటే లేని ఒకే తీగ వాడాలి. ఆ తరువాత చూడవలసింది కట్టుతీగ బిగించిన చోటు. సెంట్రింగుకు వాడే కట్టుతీగతో వైరును గొట్టానికి మెలిపెట్టి కడతారు. పరంజా మీద మనుషులు నడిచినప్పుడల్లా గొట్టం కదిలి ఆ తీగ తోలులోకి దిగుతుంది. మూడోది, న్యూట్రల్ సంగతి. ఆర్‌సీసీబీ దాటాక న్యూట్రల్ ఎక్కడైనా ఎర్త్‌కు తగిలినా, పక్క లైను న్యూట్రల్‌తో కలిసినా, ఎండలో కూడా అది పడిపోతుంది. నేలలో కడ్డీ కొట్టి దాన్నే న్యూట్రల్‌గా వాడే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. అది చేసినచోట ఆర్‌సీసీబీ నిలవదు, నిలవకూడదు కూడా.

తీగ తోలు నిరోధాన్ని కొలిచే మెగ్గరు అనే పరికరంతో కొలిపిస్తే ఇంకా మంచిది. 500 వోల్టుల దగ్గర తీగకూ ఎర్త్‌కూ మధ్య కనీసం ఒక మెగ్ ఓము (పది లక్షల ఓములు) చూపించాలి. కొలిచే ముందు ఎల్‌ఈడీ లైట్లను విప్పేయమనండి, లేకపోతే వాటి డ్రైవర్లు (లోపల కరెంటును మార్చి ఇచ్చే భాగాలు) పాడవవచ్చు. లోపమేదీ కనిపించకపోయినా పడిపోతున్నదంటే, లైట్లు మరీ ఎక్కువై, ప్రతి డ్రైవరులోంచి పోయే స్వల్ప లీకేజీ మొత్తం కలిసి హద్దు దాటుతూ ఉండవచ్చు. అప్పుడు లైట్లను రెండు ఆర్‌సీసీబీల మీదకు పంచాలి గాని, 30 తీసి 100 మిల్లీ ఆంపియర్లది పెట్టకూడదు. ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదే కొనండి. రోజూ పని మొదలయ్యే ముందు మేస్త్రీ చేత టెస్ట్ బటన్ నొక్కించండి.

ప్రశ్న: నేను తాపీ మేస్త్రీని. మేము సరుగుడు కర్రల పరంజాయే వాడతాము. కర్రలో కరెంటు పారదు కనుక మాకు ఈ భయాలు లేవని అనుకుంటాము. సంపులో, లిఫ్టు గోతిలో పనికి మాత్రం చేతిలో పట్టుకునే బల్బు తీసుకెళ్తాము. జాగ్రత్తలు చెప్పగలరు.
— ఒక పాఠకుడు, రావులపాలెం

సమాధానం: ఎండు కర్ర సంగతి వేరు, వానలో నానిన కర్ర సంగతి వేరు. నానిన సరుగుడు కర్ర మీదుగా మనిషికి జిల్లుమనిపించేంత కరెంటు పారగలదు. దానికి తోడు కర్రల ముడుల దగ్గర కట్టుతీగ, మేకులు ఉంటాయి. అక్కడ జిల్లుమనడం ఒక్కటే ప్రాణం తీయకపోవచ్చు. కాని ముప్పై అడుగుల ఎత్తున బల్ల మీద నిలబడినవాడు ఉలిక్కిపడి చెయ్యి వదిలితే పడేది నేల మీదే. పరంజా మీద ప్రమాదాన్ని షాకు తీవ్రతతో మాత్రమే కొలవకూడదనేది అందుకే.

వైరు కర్రకు నేరుగా ఆనకుండా, ప్లాస్టిక్ కొక్కేలకు వేలాడదీసి, మనిషి తలకు తగలని ఎత్తులో, నడిచే బల్లల మీద పడకుండా తీసుకెళ్లండి. రెండు పొరల తోలు ఉన్న మూడు కోర్ల తీగ వాడండి. విడి హోల్డర్లు, పగిలిన ప్లగ్గులు, పిన్ను లేకుండా తీగ కొసలను సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లతో బిగించడం పూర్తిగా మానేయండి. పాత హాలోజన్ లైట్లు ఉంటే వాటిని పక్కన పెట్టేయండి. 500 వాట్ల హాలోజన్ వేడికి దగ్గరలోని ఆకుపచ్చ వల, గోనె సంచీ అంటుకుంటాయి. ఆరుబయట కట్టే లైటుకు ఐపీ65 (దుమ్మును, నీటి జల్లును తట్టుకుంటుందని తెలిపే గుర్తు) అని రాసి ఉందో లేదో చూసి కొనండి.

సంపు, లిఫ్టు గొయ్యి విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను: 230 వోల్టుల బల్బు చేత్తో పట్టుకుని లోపలికి దిగకండి. చుట్టూ తడి కాంక్రీటు, కాళ్ల కింద నీరు, ఒళ్లంతా చెమట. డెల్టాలో నాలుగు అడుగులు తవ్వితేనే ఊట వచ్చే చోట్లు ఎన్నో మీకు తెలుసు. అక్కడ 24 వోల్టుల లైటే వాడాలి. దాన్ని ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ రెండు చుట్లూ విడివిడిగా ఉన్న రకం కావాలి, ఒకే చుట్ట ఉండే ఆటో ట్రాన్స్‌ఫార్మర్ పనికిరాదు. ఆ ట్రాన్స్‌ఫార్మరును గోతి బయటే ఉంచాలి. బ్యాటరీ లైటు అయితే ఆ గొడవే లేదు, ధర కూడా ఇప్పుడు అందుబాటులోనే ఉంది. బ్రిటన్‌లో నిర్మాణ స్థలాల్లో చేతి పనిముట్లకు, దీపాలకు 110 వోల్టులు వాడటం చాలాకాలంగా ఉన్న ఆచారం. ఆ 110 వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టను మధ్యలో ఎర్త్ చేస్తారు కనుక ఏ తీగ తగిలినా నేలతో తేడా 55 వోల్టులే. మన దగ్గర కూడా పెద్ద కాంట్రాక్టర్లు ఈ పద్ధతి తెస్తే బాగుంటుందని నా కోరిక. 2027 పుష్కరాల కోసం ఘాట్ల పనులు రాత్రింబవళ్లు జరిగే చోట్ల ఇది మరీ అవసరం.

ప్రశ్న: మా వీధి చాలా ఇరుకు. 11 కేవీ (11 వేల వోల్టుల) లైను మా ఇంటి ముందు నుంచే వెళ్తుంది. ప్లాను ప్రకారం దూరం సరిపోయిందన్నారు. పరంజా వేయవచ్చునా?
— ఒక పాఠకురాలు, భీమవరం

సమాధానం: గోడకు సరిపోయిన దూరం పరంజాకు సరిపోదు. 11 కేవీ లైనుకూ భవనానికీ మధ్య అడ్డంగా 1.2 మీటర్లు, లైను భవనం మీదుగా వెళ్తే నిలువుగా 3.7 మీటర్లు ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నియమం. ఇళ్లకు కరెంటు ఇచ్చే మామూలు ఎల్‌టీ లైనుకు నిలువు దూరం 2.5 మీటర్లు. గాలికి తీగ ఊగినప్పుడు కూడా అంత దూరం మిగలాలి. పరంజా గోడ నుంచి మూడు, నాలుగు అడుగులు బయటికి వస్తుంది, దాని మీద మనుషులు 6 మీటర్ల గొట్టాలు నిలబెట్టి తిప్పుతారు. 11 కేవీ తీగను తాకనక్కర లేదు, గొట్టం మరీ దగ్గరకు వెళ్లినా చాలు. ఇక్కడ మీ బోర్డులోని ఆర్‌సీసీబీ ఏమీ చేయలేదు, ఎందుకంటే ఆ కరెంటు మీ మీటరు గుండా రాదు.

కనుక పని మొదలుపెట్టక ముందే పంపిణీ సంస్థకూ విద్యుత్ తనిఖీ అధికారికీ రాతపూర్వకంగా తెలపండి. నిబంధనల ప్రకారం ఇచ్చే ప్లానులో భవనంతో పాటు పరంజా కొలతలు కూడా చూపించాలి. లైను మార్చాలో, పని జరిగేంతకాలం సరఫరా ఆపాలో వారు తేల్చి చెబుతారు. ఖర్చు మీరు భరించవలసి రావచ్చు. లైన్‌మన్‌తో నోటిమాటగా మాట్లాడుకుని సరిపెట్టుకోవద్దు.

ప్రశ్న: పరంజా మీద ఎవరికైనా షాకు కొడితే ముందు ఏం చేయాలి?
— ఒక సైటు సూపర్‌వైజరు, అమలాపురం

సమాధానం: ముందు మెయిను ఆపాలి. అందుకే బోర్డు తాళం వేసిన గదిలో కాకుండా, నేల మీద నిలబడి ఎవరైనా అందుకోగల చోట ఉండాలి, అది ఎక్కడుందో ప్రతి కూలీకీ తెలియాలి. మెయిను ఆగేదాకా ఆ మనిషిని గాని గొట్టాన్ని గాని ముట్టుకోవద్దు. మీద పడినది 11 కేవీ అయితే కర్రతో నెట్టే ప్రయత్నం కూడా వద్దు, 1912కు ఫోన్ చేసి సరఫరా ఆపించేదాకా దూరంగా ఉండండి. కిందికి దించాక స్పృహ లేకుండా, ఊపిరి సరిగా ఆడకుండా ఉంటే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మరొకరు ఛాతీ మధ్యలో రెండు అరచేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కడం మొదలుపెట్టాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు, అలసిపోతే మనిషి మారాలి. పైనుంచి పడినవాడైతే మెడ, వెన్ను కదలకుండా చూడాలి, కాని ఊపిరి లేనప్పుడు ఛాతీ నొక్కడమే ముందు. షాకు కొట్టిన మనిషి లేచి కూర్చుని తనకేమీ కాలేదన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. ఆ రోజు అతన్ని మళ్లీ పరంజా ఎక్కనివ్వకండి.